చౌక రేటు, కాల్ వెళ్లే దారి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విదేశంలో ఉన్న ఒకే నంబరుకు నేను తరచుగా ఫోన్ చేస్తుంటాను. ఒకసారి వెంటనే రింగవుతుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. మరోసారి చాలాసేపు నిశ్శబ్దం తర్వాత కాల్ తెగిపోతుంది. ఇంకోసారి నాకు రింగు వినిపిస్తూనే ఉంటుంది, కానీ అవతలివారు తమ ఫోన్ అసలు మోగనే లేదంటారు. కంపెనీ అదే, నంబరు అదే. ఈ తేడా ఎందుకు వస్తోంది?

జవాబు: మీరు ఏమీ మార్చకపోయినా కాల్ వెళ్లే దారి మాత్రం మారుతూనే ఉంటుంది. మీ ఫోన్ కంపెనీకి ప్రపంచంలోని ప్రతి నెట్‌వర్క్‌తోనూ నేరుగా ఒప్పందం ఉండదు కనుక, అది అనేక హోల్‌సేల్ కంపెనీల నుంచి నిమిషాలను టోకుగా కొంటుంది. ఆ కంపెనీలు ఒక్కొక్క గమ్యానికి ఒక్కొక్క రేటు చొప్పున వేల వరుసలున్న పట్టికలను పంపుతాయి, వాటిని తరచుగా సవరిస్తుంటాయి. రూటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ పట్టికలన్నిటినీ పక్కపక్కన పెట్టి, మీరు నొక్కిన నంబరులోని మొదటి అంకెలతో పోల్చి చూసి, అక్కడికి అందరికంటే తక్కువకు చేరవేస్తానన్న కంపెనీకి కాల్‌ను అప్పగిస్తుంది. దీనినే లీస్ట్ కాస్ట్ రూటింగ్ అంటారు. ఆ కంపెనీ దగ్గర లైను ఖాళీ లేదని సంకేతం తిరిగి వస్తే రెండో కంపెనీకి, అక్కడా కుదరకపోతే మూడోదానికి ప్రయత్నం సాగుతుంది. మీరు భరించిన నిశ్శబ్దంలో చాలా భాగం ఈ ప్రయత్నాలకు పట్టిన సమయమే కావచ్చు.

అంకెలను పోల్చడం తేలికైన పనిలా కనిపిస్తుంది గాని, కంపెనీలు డబ్బు పోగొట్టుకునే చోట్లలో అదొకటి. 1 అనే దేశ కోడ్ అమెరికా, కెనడాలకు మాత్రమే చెందినది కాదు. కరీబియన్ సముద్రంలోని అనేక ద్వీప దేశాలు కూడా దానినే పంచుకుంటాయి. జమైకా నంబర్లలో చాలావరకు 1876తో మొదలవుతాయి. పట్టికలో 1876కు విడిగా వరుస లేకపోతే, జమైకా కాల్‌ను అమెరికా రేటుకు అమ్మి, జమైకా రేటుకు చెల్లించవలసి వస్తుంది. అందుకే వీలైనన్ని ఎక్కువ అంకెలు కలిసిన వరుసనే ఎంచుకోవాలన్నది రూటింగ్‌లో మొదటి నియమం.

అసలు చిక్కు తర్వాతి అంచెలో ఉంది. మీ కంపెనీ నుంచి కాల్ అందుకున్న హోల్‌సేల్ కంపెనీ కూడా తన దగ్గరున్న పట్టికలను చూసుకుని, తనకు లాభం మిగిలేలా ఇంకా చౌక కంపెనీని వెతుకుతుంది. ఆ కంపెనీ కూడా అదే చేస్తుంది. ఇలా నాలుగైదు చేతులు మారిన కాల్ ఎక్కడ ఆగిపోయిందో మొదటి కంపెనీకి తెలియకపోవచ్చు. ఒక్కోసారి కాల్ చుట్టూ తిరిగి, బయలుదేరిన కంపెనీకే చేరుతుంది. ఇంటర్నెట్ టెలిఫోనీలో వాడే సిప్ ప్రోటోకాల్ రూపకర్తలు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, ప్రతి అభ్యర్థనలో ఒక లెక్కింపు అంకెను చేర్చారు. మామూలుగా 70తో మొదలయ్యే ఆ అంకె ఒక్కొక్క సర్వర్‌ను దాటినప్పుడల్లా ఒకటి చొప్పున తగ్గి, సున్నాకు చేరగానే కాల్‌ను ఆపివేస్తుంది. అయితే మధ్యలో ఏ కంపెనీ అయినా పాత కాల్‌ను ముగించి కొత్త కాల్‌గా పంపితే, ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

మీరు విన్న రింగు సంగతి ఇంకా తీవ్రమైనది. ఆలస్యానికి విసిగి మీరు ఫోన్ పెట్టేయకుండా ఉండేందుకు, అవతలి ఫోన్ మోగకముందే కొన్ని మధ్యవర్తి కంపెనీలు కృత్రిమమైన రింగు వినిపిస్తాయి. ఇది చిన్న మోసమని నేను అనుకోను. ఆపదలో ఉన్న మనిషి ఆ రింగు విని, అవతలివారు కావాలనే ఎత్తడం లేదని నమ్మే అవకాశం ఉంది. అమెరికాలో గ్రామీణ ప్రాంతాలకు చేసే కాల్స్ పెద్ద సంఖ్యలో మధ్యలోనే పోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తిన తర్వాత, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2013లో ఇటువంటి దొంగ రింగును నిషేధించింది. అక్కడి చిన్న గ్రామీణ టెలిఫోన్ కంపెనీలకు కాల్‌ను చేర్చాలంటే ఎక్కువ రుసుము కట్టవలసి వచ్చేది. ఆ రుసుమును తప్పించుకోవాలని చూసే చౌక మధ్యవర్తుల చేతుల్లో పడి కాల్స్ గమ్యం చేరేవి కావు. 2018లో వచ్చిన చట్టం మధ్యవర్తి కంపెనీలు విధిగా నమోదు చేసుకోవాలని, నాణ్యతా ప్రమాణాలు పాటించాలని నిర్దేశించింది. అదే ఏడాది కమిషన్, తాము ఎంచుకున్న మధ్యవర్తుల పనితీరును గమనించే బాధ్యతను దూరప్రాంత కాల్స్ పంపే పెద్ద కంపెనీలపైనే పెట్టింది. ఇదే న్యాయమైన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం. డబ్బు తీసుకున్నది ఎవరో, దారిని ఎంచుకున్నది ఎవరో వారే జవాబు చెప్పాలి గాని, పేరు కూడా తెలియని ఐదో కంపెనీని వెతికే భారం వినియోగదారుడిపై పడకూడదు.

శ్రద్ధగల కంపెనీలు రేటును ఒక్కదానినే చూడవు. పంపిన ప్రయత్నాలలో ఎన్నింటికి సమాధానం వచ్చింది, సగటు కాల్ ఎంతసేపు సాగింది, నంబరు నొక్కిన తర్వాత రింగుకు ఎన్ని సెకన్లు పట్టింది అనే మూడు కొలతలను ప్రతి దారికీ గమనిస్తాయి. వీటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది రెండోది. సమాధానాల శాతం బాగానే ఉండి సగటు వ్యవధి మాత్రం హఠాత్తుగా పడిపోతే, మాట సరిగ్గా వినిపించక జనం ఫోన్ పెట్టేస్తూ ఉండాలి, లేదా ఎవరూ ఎత్తకుండానే ఎత్తినట్టు సంకేతం పంపి డబ్బు లాగుతూ ఉండాలి.

ప్రశ్న: ఇన్ని కంపెనీలు పోటీపడుతున్నప్పుడు, కొన్ని దేశాలకు, ముఖ్యంగా అక్కడి మొబైల్ నంబర్లకు రేటు ఎందుకు తగ్గడం లేదు? విదేశం నుంచి వచ్చిన కాల్‌లో తెలియని స్థానిక నంబరు కనిపించడానికి దీనితో సంబంధం ఉందా?

జవాబు: సంబంధం ఉంది. పోటీ ఉన్నది దారి మధ్యలో మాత్రమే. మీరు పిలుస్తున్న మనిషి ఒక నెట్‌వర్క్‌కు చందాదారుడు. అతని ఫోన్‌ను మోగించగలిగింది ఆ ఒక్క నెట్‌వర్కే. ఎన్ని కంపెనీల చేతులు మారినా చివరికి ఆ తలుపు దగ్గర, కాల్‌ను చందాదారుడికి చేర్చినందుకు ఆ నెట్‌వర్క్ తీసుకునే టెర్మినేషన్ ఛార్జీ కట్టక తప్పదు. ఆ ఛార్జీ భారం పడేది పిలిచినవారిపై కనుక, దానిని తగ్గించాలని సొంత చందాదారుల నుంచి ఆ నెట్‌వర్క్‌కు ఒత్తిడి రాదు. ఈ కారణంగానే చాలా చోట్ల నియంత్రణ సంస్థలు గరిష్ఠ పరిమితి విధించాయి. యూరోపియన్ యూనియన్ మొబైల్ టెర్మినేషన్ ఛార్జీని దశలవారీగా తగ్గిస్తూ, 2024 నుంచి నిమిషానికి 0.2 యూరో సెంట్లకు పరిమితం చేసింది.

పూర్వం ఈ వ్యవహారం ఇంకా గట్టిగా బిగిసి ఉండేది. రెండు దేశాల టెలిఫోన్ సంస్థలు కూర్చుని నిమిషానికి ఇంత అని ఒక లెక్క రేటును ఒప్పుకుని, సాధారణంగా దానిని చెరిసగం పంచుకునేవి. ఎక్కువ కాల్స్ పంపిన దేశం తేడా సొమ్ము చెల్లించేది. ఆ రేటుకు అసలు ఖర్చుతో పొంతన ఉండేది కాదు. అందుకే మూడో దేశం మీదుగా కాల్‌ను తిప్పి తక్కువ రేటుకు చేర్చే పద్ధతి, చౌక దేశం నుంచి తిరిగి ఫోన్ చేయించే కాల్‌బ్యాక్ సేవలు పుట్టుకొచ్చాయి. 1997 ఫిబ్రవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో 69 ప్రభుత్వాలు టెలికాం మార్కెట్లను తెరిచేందుకు అంగీకరించాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా కమిషన్, తమ కంపెనీలు విదేశాలకు చెల్లించే రేటుకు ఆయా దేశాల ఆదాయాన్ని బట్టి నిమిషానికి 15, 19, 23 సెంట్ల పరిమితులు పెట్టింది. దారులు తిప్పి రేటును ఎగవేసిన ఆ మధ్యవర్తులను అందరూ తప్పుపట్టారు గాని, అసలు ఖర్చుకు, అడుగుతున్న ధరకు మధ్య ఎంత దూరముందో లోకానికి చూపించింది వారేనని ఒప్పుకోవాలి.

సిమ్ బాక్స్ వాడేవారికి మాత్రం ఆ మన్నన ఇవ్వలేను. పదుల కొద్దీ స్థానిక సిమ్ కార్డులు అమర్చిన ఈ యంత్రం, ఇంటర్నెట్ ద్వారా వచ్చిన విదేశీ కాల్‌ను స్థానిక కాల్‌గా నెట్‌వర్క్‌లోకి దింపి, అంతర్జాతీయ టెర్మినేషన్ ఛార్జీని ఎగవేస్తుంది. మీకు కనిపించే తెలియని నంబరు ఆ సిమ్‌లలో ఒకదానిది. పిలిచింది ఎవరో మీకు తెలియదు, ఆ నంబరుకు తిరిగి చేస్తే వారు దొరకరు, మాట నాణ్యతకు హామీ ఉండదు. ఒక దేశంలో విదేశీ కాల్స్ ఛార్జీకి, స్థానిక కాల్ ధరకు మధ్య తేడా ఎంత పెరిగితే ఈ దొంగదారికి అంత గిరాకీ.

ప్రశ్న: నిమిషానికి తక్కువ రేటున్న కంపెనీకి మారాను. మాట్లాడే సమయం పెరగలేదు, అయినా బిల్లు పెరిగింది. ఇది ఎలా సాధ్యం?

జవాబు: రేటు కంటే ముందు లెక్కించే కొలమానాన్ని చూడండి. 61 సెకన్లు మాట్లాడారనుకుందాం. సెకన్ల చొప్పున లెక్కించే కంపెనీ 61 సెకన్లకే డబ్బు తీసుకుంటుంది, ఆరు సెకన్ల చొప్పున లెక్కించేది 66 సెకన్లకు, పూర్తి నిమిషాల చొప్పున లెక్కించేది 120 సెకన్లకు తీసుకుంటుంది. మీవి ఎక్కువగా చిన్న కాల్స్ అయితే, నిమిషాల లెక్క వాడే కంపెనీ రేటు దాదాపు సగం ఉంటే తప్ప మీకు లాభం ఉండదు. కాల్ కలిసినందుకు విడిగా వసూలు చేసే రుసుము ఉందేమో, గడియారం అవతలివారు ఎత్తినప్పటి నుంచి మొదలవుతుందా లేక రింగు నుంచేనా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. ఒక నెల బిల్లులోని కాల్స్ వివరాలను తీసుకుని, ఒక్కొక్క కాల్‌ను రెండు కంపెనీల పద్ధతిలోనూ లెక్కవేస్తే ఏది మీకు చౌకో స్పష్టంగా తేలుతుంది.