మామోగ్రామ్ రిపోర్టులో ‘డెన్సిటీ సి’ అని ఉంది. భయపడాలా?

ఒడిశాలోని గుణుపూర్ నుంచి అడిగిన చెల్లెమ్మకి,

మీకు 44 ఏళ్లని, మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) రిపోర్టులో ‘బైరాడ్స్ 1’ అనీ, దానికి పైన ‘బ్రెస్ట్ డెన్సిటీ సి’ అనీ ఉందని రాశారు. సి అంటే క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదన్నారు. డాక్టరు నార్మల్ అన్నాక మళ్లీ స్కాన్ ఎందుకని మీ ఆయన అంటున్నారట.

ముందు మీ టెన్షన్ సంగతి. ఆ సి క్యాన్సర్‌కి గుర్తు కాదు, స్టేజీ అసలే కాదు. రిపోర్టులో బైరాడ్స్ అంకె వేరు, డెన్సిటీ అక్షరం వేరు. అంకె పరీక్షలో ఏం తేలిందో చెబుతుంది: 0 అంటే ఇంకో పరీక్ష కావాలి, 1 అంటే అనుమానించాల్సిందేమీ కనపడలేదు, 2 అంటే ఉన్నది హాని చేయనిది, 3 అంటే ఆరు నెలల్లో మళ్లీ చూడాలి, 4 లేదా 5 అయితే ముక్క తీసి బయాప్సీకి పంపాలి. అక్షరం మన రొమ్ము తీరు చెబుతుంది. అందులో కొవ్వు ఎంత, పాల గ్రంథులూ పీచూ ఎంత అన్నది ఎ నుంచి డి దాకా నాలుగు మెట్లుగా రాస్తారు. ఎ అయితే దాదాపు అంతా కొవ్వే. గ్రంథులూ పీచూ ఎక్కువై సి, డి అయితే ‘డెన్స్’, అంటే దట్టం, అంటారు. నలభై దాటిన ఆడవాళ్లలో సుమారు సగం మంది డెన్స్ కిందికే వస్తారని అమెరికా లెక్కలు. చేత్తో తడిమి చూస్తే ఇది తెలియదు. రొమ్ము గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో దీనికి పని లేదు.

ఇక మీ ఆయన మాట. దాంతో మాత్రం నేను ఒప్పుకోను. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా పడుతుంది, గ్రంథులు తెల్లగా పడతాయి. క్యాన్సర్ గడ్డా తెల్లగానే పడుతుంది. తెల్లచీర మీద సున్నం మరక పడితే ఎవరికి కనపడుతుంది చెప్పండి? అందుకే ఎ రకం వాళ్లకి వచ్చిన 1 మీద పెట్టుకున్నంత నమ్మకం సి, డి వాళ్లకి వచ్చిన 1 మీద పెట్టుకోలేం. పైగా డెన్స్‌గా ఉన్నవాళ్లకి క్యాన్సర్ వచ్చే అవకాశమూ మిగతావాళ్ల కంటే కొంత ఎక్కువే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అప్ప, అంటే మా అక్క. తనది పర్లాకిమిడి. మామోగ్రామ్ తీయించుకుంటే నార్మల్ అన్నారు, అందరం హాయిగా ఉన్నాం. ఏడాది తిరక్కముందే స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా కనపడింది, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. తర్వాత పాత రిపోర్టు తీసి చదివితే రెండో లైన్లోనే డెన్సిటీ డి అని టైపు చేసి ఉంది. ఆ లైను గురించి అక్కడ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. రిపోర్టు ఇంగ్లీషులో, డాక్టరు చెప్పేది ఒడియాలో, ఇంటికొచ్చి మనం చెప్పుకునేది తెలుగులో. చివరికి ఇంటికి చేరేది ‘నార్మల్’ అన్న ఒక్క మాటే. అప్పకి ఆపరేషనూ కీమో అయ్యాయి, ఇప్పుడు బాగుంది. కానీ ఆ లైను గురించి ముందే చెప్పి ఉంటే అన్న బాధ మా ఇంట్లో ఇంకా పోలేదు.

ఆ తర్వాత నేనూ అమ్మా రాయగడ నుంచి రైల్లో విశాఖ వెళ్లి ఒకే రోజు తీయించుకున్నాం. అక్కడి రేడియాలజిస్టు అమ్మాయి ఓపిగ్గా మా ఇద్దరి ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించింది. అమ్మకి డెబ్బై దాటింది, ఆమె ఫిల్ము దాదాపు అంతా బూడిద రంగులో ఉంది, సన్నటి రక్తనాళాలు కూడా విడిగా కనపడుతున్నాయి. నాది మధ్యంతా తెల్లటి ముద్ద. ముట్లు ఆగి, వయసు పెరిగేకొద్దీ చాలామందికి ఈ తెలుపు తగ్గుతుందట. మధ్యాహ్నమే నాకు అల్ట్రాసౌండ్ చేశారు. చిన్న నీటితిత్తి ఒకటి కనపడింది. దాంతో భయం లేదన్నారు.

జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ల వాళ్ల మీద పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. మామోగ్రామ్ ఒక్కటే చేసినప్పుడు ఉన్న క్యాన్సర్లలో 77 శాతం పట్టుకుంది. అల్ట్రాసౌండ్ కూడా కలిపితే 91 శాతం దొరికాయి. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి, అల్ట్రాసౌండ్‌లో హాని లేని గడ్డలూ బయటపడతాయి, ఒక్కోసారి అనవసరంగా బయాప్సీ దాకా వెళ్లాల్సి వస్తుంది. అలాగని మామోగ్రామ్ మానేసి ఇదొక్కటే చేయించుకోకూడదు. క్యాన్సర్ తొలిదశలో వచ్చే సన్నటి సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లోనే బాగా కనపడతాయి. ఎమ్మారై ఇంకా బాగా పట్టుకుంటుంది గానీ ఖర్చెక్కువ. డి ఉన్నవాళ్లూ, అమ్మకో అక్కచెల్లెళ్లకో క్యాన్సర్ వచ్చినవాళ్లూ దాని గురించి డాక్టరుని అడగాలి. అప్ప వల్ల నేనూ ఆ లెక్కలోకే వస్తాను.

అమెరికాలో నాన్సీ కపెల్లో అనే ఆమెకి ఏటా నార్మల్ అని చెబుతూనే వచ్చి, చివరికి ముదిరిన క్యాన్సర్ బయటపడింది. ఆమె పట్టుబట్టడంతో 2009లో కనెక్టికట్ రాష్ట్రంలో డెన్సిటీ సంగతి మనిషికి చెప్పి తీరాలని చట్టం వచ్చింది. 2024 సెప్టెంబరు 10 నుంచి ఆ దేశమంతటా అదే నిబంధన. మన దగ్గర అలాంటిది లేదు, మనమే అడగాలి. ప్రభుత్వ పథకం కింద 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి చేసేది చేత్తో పరీక్షే. అది తప్పక చేయించుకోండి, కానీ అందులో డెన్సిటీ తెలియదు.

మీరు చేయాల్సింది ఇదీ. రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, ‘నాకు సి ఉంది కదా, అల్ట్రాసౌండ్ చేయిస్తారా’ అని సూటిగా అడగండి. మీ ఆయన్నీ వెంట తీసుకెళ్లండి, డాక్టరు నోట విననివ్వండి. రాయగడలోనే అల్ట్రాసౌండ్ అవుతుంది. క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకోవాలనుకుంటే విశాఖ ఆగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. పాత ఫిల్ములు మడత పడకుండా తీసుకెళ్లండి, పోల్చి చూడ్డానికి అవే ఆధారం. ఈసారి మామోగ్రామ్‌కి ముట్టు అయిపోయిన తర్వాతి వారంలో వెళ్తే నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు రాసుకోవద్దు, ఫిల్ములో చుక్కల్లా పడతాయి. ఈలోగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం లాంటిది కారినా, రిపోర్టులో ఏ అంకె ఉన్నా సరే, ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి.