చెక్క గుడారాల ఊరికి వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు స్కెచ్ పుస్తకం పట్టుకుని మార్తాస్ విన్‌యార్డ్ దీవికి బయల్దేరుతున్నావని, ఓక్ బ్లఫ్స్ ఊళ్లో క్యాంప్ మీటింగ్ ఇళ్లు, అంటే మెథడిస్టు క్రైస్తవులు గుడారాల్లో ప్రార్థన కూటాలు జరుపుకున్న చోట కట్టుకున్న ఇళ్లు, గీస్తావని చెప్పింది. క్లాసంతా బోస్టన్ అద్దాల మేడల మీద పడితే నువ్వు ఈ బుల్లి చెక్క ఇళ్లని ఎంచుకున్నావంటే ముచ్చటేసింది. ఆ వెంటనే "ఒక్కతే వెళ్తుందట, అదీ లాంతర్ల పండగ రోజున, రాత్రికి తిరిగొచ్చేస్తుందట" అంది. దాంతో నా నిద్ర ఎగిరిపోయింది.

ప్రయాణం సంగతి పెద్దగా ఏం లేదు. బోస్టన్ సౌత్ స్టేషన్‌లో బస్సెక్కితే వుడ్స్ హోల్‌లో దిగుతావు, అక్కణ్ణుంచి ఫెర్రీలో 45 నిమిషాలు. మనిషికి రిజర్వేషన్ అక్కర్లేదు, కారుకే కావాలి. వేసవిలో కార్ల చోటు నెలల ముందే నిండిపోతుంది కాబట్టి స్నేహితురాలి కారు మాట మర్చిపో. మీలో ఎవరైనా వుడ్స్ హోల్ దాకా కారులో వచ్చినా, దాన్ని ఫాల్మత్‌లో పార్కింగ్‌లో వదిలి షటిల్ బస్సులో రేవుకి రావాలి. దానికి అదనంగా గంట వేసుకోండి.

రేవుల విషయంలో మాత్రం కాస్త కళ్లు తెరుచుకుని ఉండు. దీవిలో వుడ్స్ హోల్ బోట్లు ఆగే రేవులు రెండు. విన్‌యార్డ్ హేవెన్ ఏడాది పొడుగునా నడుస్తుంది. నీకు కావల్సిన ఓక్ బ్లఫ్స్ రేవు వేసవి సీజన్‌కే, పైగా అది సముద్రానికి ఎదురొడ్డి ఉంటుంది. ఈశాన్యపు గాలి గట్టిగా వీచిందంటే బోట్లన్నీ విన్‌యార్డ్ హేవెన్‌కి మళ్లిస్తారు. పొద్దున ఇక్కడ దిగాను కదా అని సాయంత్రం ఇక్కడే నిలబడితే, నీ బోటు అక్కణ్ణుంచి వెళ్లిపోతుంది. మధ్య దూరం సుమారు మూడు మైళ్లు, బస్సు ఉంటుంది. తిరుగు బోటుకి గంట ముందే ఏ రేవో కనుక్కో.

ఇక ఆ లాంతర్ల రాత్రి. ఇల్యూమినేషన్ నైట్ 1869లో మొదలైంది, ఇప్పుడు ఆగస్టులో ఒక బుధవారం చేస్తారు. ముందు ఊరి మధ్యలో ఉన్న టాబర్నకిల్ అనే ప్రార్థన మంటపంలో అందరూ కలిసి పాటలు పాడతారు, బ్యాండు వాయిస్తారు. బాగా చీకటి పడ్డాక దీపాలన్నీ ఆర్పి మొదటి లాంతరు వెలిగిస్తారు. ఆ తర్వాత ఇంటింటికీ చూరు కింద వేలాడే కాగితపు లాంతర్లు వెలుగుతాయి. చూడాల్సిందే, కాదనను. కానీ ఆ రోజు గీయడానికి పనికిరాదు. సందుల్లో మనిషి వెనక మనిషి నడుస్తుంటారు, పెన్సిలు ఆనించే చోటు కూడా దొరకదు. లాంతర్లు వెలిగేది పొద్దుపోయాక, చూస్తూ నిలబడితే ఆఖరి బోటు తప్పిపోతుంది. రెండూ ఒక్కరోజులో కుదరవు తల్లీ. గీయడానికి జూన్ నెలాఖర్లోనో సెప్టెంబరు మొదట్లోనో మామూలు రోజున వెళ్లు. లాంతర్లకి వేరేగా, నలుగురు కలిసి, ముందే గది తీసుకుని వెళ్లండి. ఎవరింటి లాంతర్నీ ముట్టుకోవద్దు. ఊరంతా ఎండిన చెక్క, ఆ పైన కాగితం. ఆ ఊరికి నిప్పంటే ఏంటో తెలుసు, రేవు దగ్గరి సీ వ్యూ అనే పెద్ద హోటల్ 1892లో కాలిపోయింది.

ఫెర్రీ దిగాక సర్క్యూట్ అవెన్యూలో నడువు. ఐస్‌క్రీం, టీషర్టుల దుకాణాల మధ్య ఆర్కేడ్ అని ఒక భవనం ఉంది, దాని కిందుగా దారి. అటు దూరితే ఆ సందడంతా వెనకే ఉండిపోతుంది. ఒకప్పుడు ఈ మధ్యలో ఏడడుగుల కంచె ఉండేది. అవతల స్థలాలమ్మే కంపెనీ రిసార్టు కడుతుంటే, ఆ డాన్సులూ తాగుడూ తమ వైపు రాకుండా మెథడిస్టులు కట్టుకున్న కంచె అది. కంచె పోయింది గానీ తేడా ఇప్పటికీ చెవికి తెలుస్తుంది.

అసలు సంగతికి వస్తున్నాను. ఆ ఊరు గీసేవాళ్లందరూ చేసే పాత తప్పు ఒకటుంది. చూరు అంచున చెక్కతో కోసిన జాలరు చూస్తారు, జింజర్‌బ్రెడ్ అంటారే అది, కళ్లు దానికే అతుక్కుపోతాయి. పేజీ పైనుంచి మొదలెట్టి ఒక్కో వంకీ శ్రద్ధగా గీస్తారు. కింద తలుపు దగ్గరికొచ్చేసరికి చోటు చాలదు. తలుపు కుంచించుకుపోతుంది, ఇల్లు మామూలు ఇల్లై కూర్చుంటుంది. నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే ఇది. పెంకుటిల్లు గీయవే అంటే ముందు కప్పు మీద కోడిపుంజుని గీసేదానివి, దాని తోక ఈకలన్నీ అయ్యాక గడపకి కాగితం మిగిలేది కాదు.

ఆ ఇళ్లకి తలుపే ప్రాణం. ఎందుకో చెప్తాను. 1835లో ఆ ఓక్ తోపులో మొదటి కూటం జరిగినప్పుడు తొమ్మిదే గుడారాలు వేశారు. ఒక్కో సంఘానికి ఒక పెద్ద గుడారం, మధ్యలో తెర, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. గుంటూరు వైపు గుడారాల పండుగలు చూశావు కదా, ఆ వాతావరణమే, వారం రోజులు ప్రసంగాలు, పాటలు. తర్వాత కుటుంబాలు విడిగా గుడారాలు వేసుకున్నాయి, కింద చెక్క అరుగులు కట్టుకున్నాయి. 1859 తర్వాత అదే కొలత అరుగు మీద, అదే గుడారాన్ని చెక్కతో కట్టడం మొదలైంది. గుడారం ముందు గుడ్డ రెండు వైపులకీ తెరుచుకుంటుంది కదా, అదే రెండు రెక్కల తలుపైంది. అందుకే ఇల్లు ఇరుకైనా తలుపు వెడల్పు. దానికి రెండు పక్కలా సన్నటి కిటికీలు, సరిగ్గా పైన ఇంకో రెండు రెక్కల తలుపు, దాని ముందు బుల్లి బాల్కనీ, ఆపైన నిటారైన కప్పు. అన్నీ ఒక్క నడిగీత మీద కూర్చుంటాయి, గుడారానికి నిట్రాడులాగా.

కాబట్టి ముందు నడిగీత గియ్యి. తర్వాత కింది తలుపు, దాని వెడల్పునే కొలతగా పెట్టుకుని మిగతా అంతా. కిటికీల తలలు గుండ్రమా, కోసుగానా చూసుకో, రెండూ కలిపెయ్యకు. కప్పు వాలు నువ్వు అనుకునేదానికంటే నిటారుగా ఉంటుంది, పెన్సిలు చాపి పట్టి కోణం సరిచూసుకో. జాలరు ఆఖరున. అది జిగ్ రంపంతో పలకలో కోసిన ముక్కల వరస, ఒక్కదాన్ని శ్రద్ధగా గీసి మిగతావి ఎన్నో లెక్కపెట్టి గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇంకో మోసం వసారా. చాలా ఇళ్లకి ముందు వసారా తర్వాత వచ్చింది. దాని కప్పు తలుపుకి అడ్డం పడి గుడారం ముఖం కనిపించదు. మొదటి బొమ్మకి వసారా తక్కువగా ఉన్న ఇల్లు వెతుక్కో, ముఖం చేతికి వచ్చాక మిగతావి గీయొచ్చు. ఇప్పటి గులాబీ, ఊదా రంగులు చూసి 1870ల్లోనూ ఇలాగే ఉండేవని రాసుకోకు.

గోడల్లో నిలువు చట్రం ఉండదు. నిలబెట్టిన పలకలే గోడ, ఒకదాని అంచు పక్కదాని గాడిలో కూర్చుంటుంది, ఆ పలకలే బరువు మోస్తాయి. లోపల పూత లేదు, బయట కనిపించే పలక వెనక వైపే లోపలి గోడ. ఇది చూడాలంటే ట్రినిటీ పార్కులో ఒకటో నంబరు ఇంట్లో ఉన్న కాటేజ్ మ్యూజియానికి వెళ్లు. వేసవిలో తెరిచి ఉంటుంది, టిక్కెట్టు కొద్ది డాలర్లే. గీయడానికి ముందే వెళ్లు, తర్వాత కాదు.

గోడ ఒక్క పలకే అన్నాను కదా, అంటే నువ్వు రోడ్డు మీద మాట్లాడే మాట లోపలికి స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకా మూడొందల పైచిలుకు ఇళ్లున్నాయి, వాటిలో మనుషులున్నారు. నేల ఆ క్యాంప్ మీటింగ్ నడిపే అసోసియేషన్‌ది, ఇల్లు మాత్రమే యజమానిది. నడవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ వసారా మెట్టెక్కడం, కిటికీలోంచి ఫోన్ పెట్టి ఫొటో తీయడం ఉన్నాయే, అవి నువ్వు చేశావని తెలిస్తే మీ అమ్మ కంటే ముందు నేనే తిడతాను. గుడారంలా తలుపు బార్లా తెరిచి పెడతారు, అది పిలుపు కాదు. ఎవరైనా కనిపిస్తే పలకరించి గీయనా అని అడుగు. నీ మొహం చూసి కాదనేవాళ్లు తక్కువ.

మధ్యలో టాబర్నకిల్ చూడు, 1879 నాటిది. ఇనుప స్తంభాలు, నాలుగు వైపులా గోడ లేదు. అంతకు ముందు అక్కడ పెద్ద కాన్వాస్ గుడారం ఉండేది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు లోపలి బెంచీ మీద కూర్చుని పైకప్పు ఎలా నిలబడిందో గీస్తే అరపూట సరిపోతుంది. ఫ్లయింగ్ హార్సెస్ రంగులరాట్నం 1876 నాటిది, ఇత్తడి రింగు అందితే ఇంకో రౌండు ఊరికే.

గడ్డిలో కూర్చోకు. నవ్వుకోకు, దీనికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. ఆ దీవిలో జింకలు ఎక్కువ, వాటి పిడుదులు గసగసాల గింజంత ఉంటాయి, కుట్టినా తెలియదు, లైమ్ జబ్బు తెస్తాయి. పొడుగు మేజోళ్లు వేసుకుని ప్యాంటు అంచు వాటిలోకి దోపు. ఒక మడత కుర్చీ తీసుకెళ్లు. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూసుకో. ఏదైనా పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిదానంగా తిన్నగా లాగు. నూనె పూయకు, అగ్గిపుల్ల అంటించకు. అదే రోజు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. తర్వాత దద్దుర్లో జ్వరమో వస్తే డాక్టరుకి ఈ దీవి పేరు తప్పకుండా చెప్పు.

రంగుపెన్సిళ్లు తక్కువ పట్టుకెళ్లు, రబ్బరు మాత్రం రెండు ఉంచుకో. ఇల్లు చేరగానే మొదటి బొమ్మ ఫొటో పంపు. తలుపు ఎంత వెడల్పు గీశావో చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ