చేపలు చచ్చింది ఏ తేదీన?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. పంచాయతీ చెరువు వేలంలో పాడి చేపలు వేశాను, రసీదు మా బావమరిది పేరున ఉంది. ఎగువనున్న ఫ్యాక్టరీ రాత్రిపూట గెడ్డలోకి వదిలిన నీళ్లు చెరువులో కలిసి చేపలన్నీ చచ్చి తేలాయి. రెండేళ్లు దాటింది. ఆరు నెలల్లోపే కేసు వేయాలట, ఇప్పుడు కుదరదంటున్నారు. ఊళ్లో ఒకాయన, మొన్న వేసవిలో చచ్చినట్టు కాగితం పుట్టిస్తానంటున్నాడు. ఎనిమిదో తరగతి చదివే మా పాపేమో ‘పాడుచేసినవాడే డబ్బు కట్టాలని పుస్తకంలో ఉంది నాన్నా’ అంటోంది. దారి ఉందా?

జవాబు: ఉంది. కానీ నాలుగు పేజీల ఉత్తరంలో వడ్డీల దగ్గర్నుంచి బావమరిదితో గొడవ దాకా అన్నీ రాశారు, చేపలు చచ్చిన తేదీ మాత్రం లేదు. ‘చవితి వెళ్లాక’ అంటే కోర్టు ఏం రాసుకుంటుందండీ? మీ కేసు నిలిచినా పోయినా ఆ తేదీతోనే.

మీకు ఆరు నెలలని చెప్పినాయన, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో 14వ సెక్షన్ చదివి ఆపేశాడు. అది పర్యావరణ వివాదాలకు. జరిగిన నష్టానికి పరిహారం అడిగేది 15వ సెక్షన్ కింద, దానికి గడువు ఐదేళ్లు. అంటే మీకింకా టైముంది. అయితే ఆ ఐదేళ్లూ కేసు వేయడానికి కారణం ‘మొదట’ ఏర్పడిన రోజు నుంచి లెక్క, కాబట్టి అంతకుముందు కూడా ఓసారి కొన్ని చేపలు చచ్చి మీరు ఊరుకుని ఉంటే అదీ మీ వకీలుకు చెప్పండి, అవతలి వకీలు ఎలాగూ తవ్వుతాడు.

ఇక ఆ దొంగ కాగితం మాట. ముట్టుకోవద్దు. బతికున్న కేసును మీ చేత్తో మీరే చంపుకుంటారు, పైగా ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు. కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో రెండేళ్ల కిందటే అర్జీ ఇచ్చానని మీరే రాశారు కదా! దానికి వేసవి తేదీ ఎదురుపెడితే మొదటి వాయిదాలోనే దొరికిపోతారు.

పనికిరాదని పక్కన పడేసిన ఆ అర్జీ రసీదే మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం. దాని మీద నంబరూ తేదీ ఉంటాయి. అర్జీ ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, కానీ ఫలానా రోజుకే మీరు మొర పెట్టుకున్నారని చూపిస్తుంది. గూట్లో దాచిన చెరువు నీళ్ల సీసా మాత్రం సాక్ష్యంగా నిలవదు. ఎవరు పట్టారు, ఎవరు సీలు వేశారు, రెండేళ్లు ఎక్కడుంది అంటే జవాబు లేదు. ఆ రోజే మత్స్యశాఖ వాళ్లను పిలిచి పంచనామా రాయించకుండా చేపలన్నీ గోతిలో పూడ్చేయడం శుద్ధ అజాగ్రత్త. ఫోన్లో తీసిన ఫొటోలుంటే ఆ ఫోన్ అమ్మకండి, వాట్సాప్‌లో తిరిగిన కాపీలు చాలవు.

ముందు కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ ఫ్యాక్టరీకిచ్చిన అనుమతి షరతులు, ఆ నెలల తనిఖీ నివేదికలు, నీటి పరీక్ష ఫలితాలు అడగండి. చేపపిల్లలు కొన్న బిల్లులు, మేత బిల్లులు వెతకండి. వేలం రసీదు బావమరిది పేరునుంది కాబట్టి అతన్నీ దరఖాస్తుదారుగా చేర్చాలి, గొడవ తర్వాత చూసుకోండి.

మీ పాప చదివింది నిజమే. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయమని 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాప చెప్పిన సూత్రమేమో ఇదే ట్రిబ్యునల్ చట్టంలో 20వ సెక్షన్. గడువుల సంగతే పాఠంలో ఉండదు.

స్థానిక సివిల్ కోర్టులో దావా వేయకండి, ఇదే చట్టంలోని 29వ సెక్షన్ అడ్డం వస్తుంది. వెళ్లాల్సింది చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి. ఆన్‌లైన్లోనే దాఖలు చేయొచ్చు. అడిగే పరిహారంలో ఒక శాతం ఫీజు కాబట్టి కోట్లు రాసేయకండి, బిల్లులు చూపగలిగినంతే అడగండి. వకీలు ఖర్చు భారమైతే శ్రీకాకుళం జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు ఆదాయ ధ్రువపత్రం, ఆ అర్జీ రసీదు పట్టుకుని ఈ వారమే వెళ్లండి.