పాజిటివ్ కోచింగ్ అంటే ప్రతి షాట్‌కీ "సూపర్" అనడమేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: పదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది, రెండు బ్యాడ్మింటన్ కోర్టులు, ఒక కోచ్. అరవడం, తప్పు చేస్తే కోర్టు చుట్టూ పరిగెత్తించడం మానేసి, ప్రతి షాట్‌కీ "వెరీ గుడ్", "సూపర్" అనడం మొదలుపెట్టారు. ఆట మెరుగుపడలేదు, అల్లరి మాత్రం పెరిగింది. మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోనా అని అడుగుతున్నారు.

వద్దు. అయితే ఇప్పుడు మీరు చేస్తున్నదాన్ని కూడా పాజిటివ్ కోచింగ్ అనలేం. తిట్లు తీసేసిన చోట పొగడ్తలు పెట్టారు, అంతే. అప్పుడూ మాట్లాడింది మీరే, ఇప్పుడూ మీరే. ఏ షాట్ కొట్టాలో, ఎప్పుడు ఆపాలో, కొట్టింది బాగుందో లేదో తేల్చేదీ మీరే. ఆ నిర్ణయాల్లో కొన్నైనా ప్లేయర్ చేతికి వెళ్లేదాకా గొంతు ఎంత మెత్తబడ్డా ఆట మారదు.

పొగడ్త సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిపించిన జాన్ వుడెన్ ప్రాక్టీసుల్ని 1974-75 సీజన్‌లో థార్ప్, గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పక్కన కూర్చుని గమనించారు. ఆయన ప్లేయర్లతో అన్న ప్రతి మాటనీ, చేసి చూపించిన ప్రతిదాన్నీ నమోదు చేశారు. మొత్తం 2,326. అందులో పొగడ్తలు 7 శాతం లోపే. అసంతృప్తి చూపించినవీ దాదాపు అన్నే. నూటికి 75 దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి అనే సమాచారమే. తప్పు జరిగితే ఆయన సరైనది చేసి చూపించేవారు, ఆటగాడు చేసిన తప్పును అనుకరించేవారు, వెంటనే సరైనది మళ్లీ చూపించేవారు. అంతా కలిపి కొన్ని సెకన్లు. ఉపన్యాసం లేదు. పిల్లవాడికి గౌరవం ఇవ్వడమంటే వాడికి పనికొచ్చేది చెప్పడమే. "సూపర్" అన్న మాటలో పనికొచ్చేది ఏముంది? నెట్‌ను రాసుకుంటూ వెళ్లిన షాట్‌కీ, ఏదో అదృష్టం కొద్దీ లైన్ మీద పడ్డ షాట్‌కీ ఒకే "సూపర్" వినిపిస్తే రెండు వారాల్లో పిల్లలు మీ గొంతును వినడం మానేస్తారు. అల్లరి అక్కడి నుంచే మొదలవుతుంది.

అల్లరికి రెండో కారణం వరస. చాలా అకాడమీల్లో జరిగేది ఇదే: పిల్లలందరూ ఒక లైన్‌లో నిలబడతారు, కోచ్ బుట్టలోంచి షటిల్స్ విసురుతుంటాడు, ఒక్కొక్కరూ వచ్చి కొట్టి వెనక్కి వెళ్తారు. లెక్క వేయండి. మూడు సెకన్లకో షటిల్ చొప్పున పది నిమిషాల్లో 200. ఎనిమిది మందికి పంచితే తలకు 25 షాట్లు. అంటే పదింట్లో తొమ్మిది నిమిషాలు దాదాపు నిలబడటమే. నిలబడ్డ పదేళ్ల పిల్లవాడు ముందున్నవాడి జుట్టు లాగకుండా ఇంకేం చేస్తాడు? దానికి క్రమశిక్షణ లేదని పేరు పెట్టి మళ్లీ పరిగెత్తిస్తారు. పరుగు శిక్షగా మారితే పన్నెండేళ్లు వచ్చేసరికి ఫిట్‌నెస్ సెషన్ అనగానే కడుపునొప్పి మొదలవుతుంది. తర్వాత ఆ పిల్లల్నే "స్టామినా లేదు" అంటాం.

లైన్ తీసేయండి. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10. నిలువుగా సగం చేస్తే 3.05 మీటర్ల వెడల్పున్న రెండు అర కోర్టులు వస్తాయి. రెండు కోర్టులంటే నాలుగు అర కోర్టులు, ఎనిమిది మందీ ఒకేసారి ఆడొచ్చు. ఒక్క కోర్టే దొరికిన రోజు నలుగురు ఆడతారు, మిగతా నలుగురిలో ఇద్దరు స్కోరు చెప్తారు, ఇద్దరు తమ జోడీ కొట్టిన షాట్లు ఎన్ని ముందు పడ్డాయో ఎన్ని వెనక పడ్డాయో గీతలు పెడతారు. ఐదు నిమిషాలకోసారి మారతారు.

ఇప్పుడు ఆట. ప్రత్యర్థిని ముందుకీ వెనక్కీ కదిలించడం నేర్పాలనుకుందాం. నెట్ నుంచి షార్ట్ సర్వీస్ లైన్ దాకా, అంటే 1.98 మీటర్లు, ముందు జోన్. వెనక లైన్ నుంచి మీటరున్నర లోపలికి టేప్ అంటిస్తే వెనక జోన్. ముందు జోన్‌లోనో వెనక జోన్‌లోనో షటిల్ నేల తాకితే 2 పాయింట్లు, మధ్యలో పడితే 1. నెట్‌కి కొట్టినా బయటికి కొట్టినా ఎదుటివారికి 1. ఏడు పాయింట్లకు ఒక గేమ్. సర్వీస్ ఇంకా రానివాళ్లు చేత్తో విసిరి మొదలుపెట్టొచ్చు. డ్రాప్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్) గురించి, టాస్ (వెనక్కి ఎత్తుగా కొట్టే షాట్) గురించి మీరు ముందుగా ఒక్క ముక్క చెప్పనక్కర్లేదు. ముందు ఆట, అందులోంచి సమస్య, ఆ సమస్యకు కావాల్సిన టెక్నిక్. ఈ వరసను బంకర్, థార్ప్ అనే ఇద్దరు 1982లోనే ఇంగ్లండ్‌లో ప్రతిపాదించారు. (ఈ థార్ప్ వేరు, పైన చెప్పిన థార్ప్ వేరు.) నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా బుట్ట పట్టుకునే తిరుగుతున్నాం.

మొదటి రోజు ఇది సాఫీగా సాగదు. అందరూ డ్రాప్‌లే వేస్తుంటే, వెనక జోన్ దాకా కొట్టే బలం వాళ్లకి లేదని అర్థం. టేప్‌ను ఇంకో అర మీటరు ముందుకు జరపండి. ఎవరూ సాహసం చేయకుండా మధ్యలోకే కొట్టుకుంటుంటే మధ్య జోన్‌కి పాయింటు తీసేయండి. ఒకడే అందర్నీ చితక్కొడుతుంటే వాడికి వెనక జోన్‌లో పడితేనే పాయింటు. ఆ హ్యాండీక్యాప్ ఎంత ఉండాలో వాడినీ వాడి ప్రత్యర్థినీ కలిసి తేల్చుకోమనండి. పిల్లలు ఈ బేరంలో మీకంటే న్యాయంగా ఉంటారు.

ఏడెనిమిది నిమిషాలయ్యాక ఆపండి, నలభై సెకన్లకు మించకుండా. ఒక్కటే అడగండి: "అవతలివాళ్లు ఎక్కడ ఉన్నప్పుడు వెనక్కి కొడితే పాయింటు వచ్చింది?" అడిగాక ఐదు సెకన్లు నోరు మూసుకోండి. కోచ్‌లు ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండు సెకన్ల మౌనం భరించలేక జవాబు తామే చెప్పేస్తారు. అలా నాలుగుసార్లు జరిగితే సార్ ప్రశ్నకు సారే జవాబిస్తారని పిల్లలకు తెలిసిపోతుంది. "తెలీదు సార్" అంటే రెండు దారులు చూపించండి: "వాడు నెట్ దగ్గరికి వచ్చినప్పుడా, వెనకే ఉన్నప్పుడా? ఇంకో మూడు ర్యాలీలు ఆడి చూసి చెప్పు." జవాబు నోటితో రాకపోయినా ఫర్వాలేదు, షాట్‌లో వస్తే చాలు. "అక్కడెందుకు కొట్టావ్?" అని మాత్రం అడగకండి. అది ప్రశ్న వేషంలో ఉన్న తిట్టు. పిల్లలు క్షణంలో పట్టేస్తారు.

సర్వీస్ విషయం కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే కోచ్ నోరు జారేది అక్కడే. ఒక పాప బ్యాక్‌హ్యాండ్ షార్ట్ సర్వీస్ వరసగా నెట్‌కి కొడుతోంది. మామూలుగా వినిపించేవి: "మణికట్టు గట్టిగా పెట్టు, మోచేయి ఎత్తు, బొటనవేలితో తొయ్యి, షటిల్ చూడు." నాలుగు ఆజ్ఞలు, అన్నీ తన ఒంటి గురించే. ఆ పాప బిగుసుకుపోతుంది. తర్వాతి సర్వీస్ ఇంకా ఘోరం. దాని బదులు ఇలా నడవొచ్చు.

"ఎక్కడ తగులుతోందమ్మా?"

"నెట్‌కి సార్."

"పైన తెల్ల టేపుకా, దాని కిందా?"

"కింద."

"టేపుకి ఎంత పైనుంచి వెళ్తే బాగుంటుంది? చేత్తో చూపించు."

జానెడు చూపిస్తుంది.

"సరే, అంత పైనుంచి పంపు. ఎంత ఎత్తులో వెళ్లిందో నువ్వే చెప్పు, నేను చెప్పను."

తర్వాతిది మూరెడు ఎత్తులో పోతుంది. ఎదుటివాడు దాన్ని చంపేస్తాడు. మీకు అరవాలనిపిస్తుంది. ఆగండి. "ఎక్కువైపోయింది సార్" అని తనే అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా. తప్పు ఎటువైపు ఎంతో తనే చెప్పగలిగిన పాప రేపు మ్యాచ్‌లో, మీరు పక్కన లేనప్పుడు, తనే దిద్దుకుంటుంది. ఐదారు సర్వీసులు అయ్యాక కూడా నెట్‌కే పోతుంటే అప్పుడు ఒకే ఒక్క సమాచారం ఇవ్వండి. చాలాసార్లు కారణం షటిల్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకోవడమో, చేతిలోంచి ముందే వదిలేయడమో అయి ఉంటుంది. "చేయి ముందుకు చాచి ఈకల చివర పట్టుకో, రాకెట్ తగిలేదాకా వదలకు." చాలు.

ఒంటి మీద కాకుండా షటిల్ ఎక్కడికి వెళ్లాలన్న దాని మీద దృష్టి పెట్టిస్తే కదలిక త్వరగా కుదురుతుందని గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో చూపిస్తూ వచ్చారు. కాబట్టి "మణికట్టు తిప్పు" బదులు "షటిల్ టేపును రాసుకుంటూ పోవాలి" అనండి. "మోకాళ్లు వంచు" బదులు "నేలను తోసి పైకి లే" అనండి. మీరు రోజూ వాడే పది సూచనలు ఒక కాగితం మీద రాసి ఇలా మార్చుకోండి. అరగంట పని.

ప్రతి షాట్ తర్వాతా వ్యాఖ్యానం చేయడం కూడా మానాలి. వెంటవెంటనే చెప్తుంటే ప్రాక్టీసులో బాగా కనిపిస్తుంది, మీరు ఆపగానే ఆట జారిపోతుంది. పిల్ల తన చేతికి తెలిసింది వినడం మానేసి మీ మాట కోసం ఎదురుచూస్తుంది మరి. ఐదారు ప్రయత్నాలకోసారి చెప్పండి, లేదా "కావాలనుకుంటే అడుగు" అని వదిలేయండి. చివియాకోవ్‌స్కీ, వుల్ఫ్ అనే పరిశోధకులు 2002లో గమనించినదేమిటంటే, అడిగే అవకాశం ఇస్తే నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తమకు బాగా వచ్చిందనిపించిన ప్రయత్నం తర్వాతే అడుగుతారు. మనం మాత్రం చెడ్డ షాట్ పడగానే పరిగెత్తుకెళ్తాం. షార్ట్ సర్వీస్ 20, లాంగ్ సర్వీస్ 20 అని విడివిడిగా చేయించకుండా కలిపి చేయించడం కూడా ఇలాంటిదే. 1986లో గూడ్, మాగిల్ బ్యాడ్మింటన్ సర్వీసుల మీదే ఇది పరీక్షించారు. మూడు రకాల్ని కలగలిపి సాధన చేసినవాళ్లే తర్వాత పరీక్షలో మెరుగ్గా నిలిచారు. ప్రాక్టీసు చూడటానికి గజిబిజిగా ఉంటుంది, ఆ గజిబిజి భరించాలి. తల్లిదండ్రులకు అది నచ్చదు, వాళ్లకి వరసగా నిలబడ్డ పిల్లలే క్రమశిక్షణలా కనిపిస్తారు.

అన్నీ ప్రశ్నలతోనే నడపాలనే పిడివాదం కూడా ఒకటి తయారైంది. గ్రిప్ ఎలా పట్టుకోవాలో పిల్లవాడి చేత "కనిపెట్టించాలని" ఇరవై నిమిషాలు వృథా చేసేవాళ్లున్నారు. గ్రిప్ చూపించండి, ఇరవై సెకన్ల పని. రాకెట్ విసిరినా, పక్క కోర్టులోకి షటిల్ కోసం పరిగెత్తినా "ఆగు!" అనే అరవాలి. ఈత కొలనులో, జావెలిన్ దగ్గర అయితే ఆజ్ఞ తప్ప మాటే లేదు. ప్రమాదం ఉన్నచోటా, ఊహించి తెలుసుకోలేని చోటా చెప్పేయాలి. షాట్ ఎంపిక, వ్యూహం, తన తప్పు తను పట్టుకోవడం, వీటి దగ్గర మాత్రం అడగాలి.

అల్లరికి మందు మూడు నియమాలు. పిల్లల్నే చెప్పమనండి, మీరు రాయండి. "గోల చేయకూడదు" అని కాకుండా "కోచ్ చెయ్యెత్తితే షటిల్ పట్టుకుని నిలబడాలి" అన్నట్టు, చేయాల్సిన పనిగా రాయండి. తప్పినవాడు రెండు నిమిషాలు బెంచీ మీద కూర్చుంటాడు, ఆ తర్వాత సిద్ధమైనప్పుడు తనే లేచి వస్తాడు. ఆటకు దూరంగా కూర్చోవడమే పెద్ద శిక్ష, ఆట బాగుంటే. ఆట బాగోలేకపోతే బెంచీయే బాగుంటుంది, అప్పుడు మార్చాల్సింది మీ సెషన్‌ను.

ఇదంతా మెతకతనం, గెలిపించదు అనేవాళ్ల కోసం ఒక అంకె. పిల్లల బేస్‌బాల్ కోచ్‌లలో కొందరికి ప్రోత్సాహం, తప్పు తర్వాత సమాచారం, శిక్ష లేకపోవడం అనే పద్ధతిలో శిక్షణ ఇచ్చి ఫలితం చూశారు బార్నెట్, స్మోల్, స్మిత్. 1992లో ప్రచురించారు. మరుసటి సీజన్‌కి మామూలు కోచ్‌ల దగ్గర 26 శాతం పిల్లలు ఆట మానేశారు, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర 5 శాతం. గెలుపోటముల్లో తేడా లేదు. మానేసిన పిల్లవాడు ఛాంపియన్ అయ్యే దారే లేదు కదా.

ఇక టోర్నమెంట్. 21 పాయింట్ల గేమ్‌లో ఎవరో ఒకరు 11కి చేరగానే 60 సెకన్ల విరామం, గేమ్‌ల మధ్య 120. ఆ అరవై సెకన్లలో ఐదు సలహాలు కుక్కే కోచ్‌లే ఎక్కువ. మొదటి ఇరవై సెకన్లు నీళ్లు, ఊపిరి, మీ నుంచి మాట లేదు. తర్వాత "ఏం గమనించావ్?" అని ఒక్క ప్రశ్న. చెప్పిన దాంట్లోంచే ఒకటి ఎంచుకుని "అయితే తర్వాతి మూడు పాయింట్లు అదే చూడు" అనండి. తను ఏమీ చెప్పలేకపోతే మీరు చూసినది ఒక్కటే చెప్పండి, అది కూడా ఎదుటివాడి గురించి: "బ్యాక్‌హ్యాండ్ మూలకి వెళ్తే వాడు అడ్డంగానే కొడుతున్నాడు." వెనక కుర్చీలోంచి నాన్నగారు ఇంకేదో అరుస్తుంటారు. మ్యాచ్ మొదలయ్యే ముందే ఆయన చేతిలో కాగితం పెట్టి, ముందు జోన్‌లో ఎన్ని పడ్డాయో వెనక జోన్‌లో ఎన్ని పడ్డాయో గీతలు పెట్టమనండి. లెక్కలో పడ్డ మనిషి అరవలేడు, మీకు ఆ కాగితం మర్నాటి ప్రాక్టీసుకి పనికొస్తుంది.