ఓటేసే ముందు ఫోన్‌లో ఏం చూడాలి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎలక్షన్ మీదే. ఎవరికి ఓటెయ్యమంటారు అని నేరుగా అడిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళవి పక్కన పెట్టేశా, ఏమీ అనుకోకండి.

సార్, నాకిదే మొదటి ఓటు. మా అన్నయ్య జర్మనీలో చదువుతున్నాడు, అక్కడ ఎలక్షన్ ముందు ఒక సైట్‌లో కొన్ని ప్రశ్నలకి జవాబులు నొక్కితే మన ఆలోచనకి ఏ పార్టీ దగ్గరో చెప్పేస్తుందంట. మనకి అలాంటిది ఉందా? ఇన్‌స్టాలో ఒక క్విజ్ కనపడింది గానీ మధ్యలో ఫోన్ నంబర్, ఊరు పేరు అడిగింది, ఇవ్వచ్చా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

ఇవ్వకు తమ్ముడూ. ముందు ఆ పేజీ మూసేసి తర్వాత ఇది చదువు. నువ్వు ఏ పార్టీ వైపు ఉన్నావో, నీ నంబరేంటో, నీ ఊరేంటో మూడూ ఒకేచోట ఎవరి చేతికో ఇచ్చేస్తే రేపట్నుంచి వచ్చే కాల్స్‌కి నువ్వే బాధ్యుడివి.

మీ అన్నయ్య చెప్పింది మాత్రం నిజమే. దాని పేరు వాల్-ఓ-మాట్, 2002 నుంచి ఉంది, పౌర విద్య కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన సంస్థే నడుపుతుంది. 38 వాక్యాలు ఇస్తారు, ఒప్పుకుంటావా, ఒప్పుకోవా, మధ్యస్తమా అని నొక్కుతూ పోవాలి. నెదర్లాండ్స్‌లో అయితే 1989లోనే ఇలాంటిది మొదలెట్టారు, అప్పట్లో కాగితం మీద. అసలు కిటుకు ఏంటంటే అదే ప్రశ్నలకి పార్టీలు కూడా ముందే రాతపూర్వకంగా జవాబిస్తాయి, దాంతో మన జవాబుల్ని పోల్చి చూపిస్తుంది, అంతే. మన దగ్గర ఏ పార్టీ అయినా 38 ప్రశ్నలకి అవును కాదు అని సూటిగా చెప్తుందా, నువ్వే చెప్పు! పైగా అక్కడ ఒక ఓటు పార్టీ లిస్టుకే వేస్తారు, మనం వేసేది నియోజకవర్గంలో నిలబడ్డ మనిషికి. పార్టీ నచ్చినా మనిషి నచ్చకపోవచ్చు, అది ఏ క్విజ్ చెప్తుంది?

ఇంతకీ మనకి ఉన్నది ఇంకోటి, నా లెక్కలో అది ఇంకా గట్టిది. అభ్యర్థి సంతకం పెట్టి ఇచ్చిన అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం. కింది ఉత్తరంలో దాని గురించే చెప్తున్నా, అది కూడా చదువు.

నమస్కారమండీ. మా నియోజకవర్గంలో ఒకాయన మీద 11 కేసులు ఉన్నాయని, ఇంకొకాయన మీద ఒక్కటీ లేదని వాట్సాప్‌లో తిరుగుతోంది. కేసులు లేనాయనకి వేసేస్తే సరిపోతుంది కదా? మావారేమో ఆ నంబర్లు నమ్మకు అంటున్నారు.
– గృహిణి, ఏలూరు

మీవారు చెప్పింది సగం కరెక్ట్ అమ్మా. నంబర్ నిజమే కావచ్చు, కానీ నంబర్ ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు.

2002లో సుప్రీంకోర్టు, పోటీ చేసేవాళ్ళ కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందని తీర్పిచ్చింది. ఆ కేసు వేసింది ఏడీఆర్ అనే సంస్థ, 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు కలిసి పెట్టారు. ఆ తీర్పుని పక్కన పెట్టేలా పార్లమెంటు చట్టం మారిస్తే 2003లో కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. అప్పట్నుంచి నామినేషన్‌తో పాటు ఫారం 26లో అఫిడవిట్ ఇవ్వాల్సిందే. ఎన్నికల సంఘం వాళ్ళ కేవైసీ యాప్, అంటే నో యువర్ క్యాండిడేట్, అందులో మీ నియోజకవర్గం ఎంచుకుంటే అందరివీ పీడీఎఫ్‌లు ఉంటాయి. ఏడీఆర్ వాళ్ళ మైనేత సైట్‌లో అదే సమాచారం టేబుల్స్‌గా ఉంటుంది, పాత ఎలక్షన్లవి కూడా. నేనైతే మైనేతలో చూసి ఏదైనా తేడా అనిపిస్తే పీడీఎఫ్ తెరుస్తా.

ఆ పీడీఎఫ్ చూడగానే భయమేస్తుంది, స్టాంపులు, సంతకాలు, స్కాన్ సరిగ్గా రాని పేజీలు. చివర్లో పార్ట్ బి అని ఉంటుంది, మొత్తం సారాంశం అక్కడే, కేసులెన్ని, ఆస్తులెంత, అప్పులెంత అని. ముందు అది చూసి అప్పుడు వెనక్కి రండి.

కేసుల దగ్గర సెక్షన్ నంబర్లు చూడండి. 2024 జులై 1కి ముందు కేసులైతే పాత చట్టం ఐపీసీ నంబర్లు, తర్వాతవైతే కొత్త చట్టం బీఎన్ఎస్ నంబర్లు. ఇక్కడ నేను చెప్పేవి ఐపీసీ నంబర్లు, 188 అంటే అధికారి ఉత్తర్వులు పాటించలేదని, 341 అంటే దారి అడ్డగించారని. ధర్నా చేసినవాళ్ళ మీద, రాస్తారోకో చేసినవాళ్ళ మీద ఇవే పెడతారు, పదకొండులో తొమ్మిది ఇవే అయితే ఆయన ప్రతిపక్షంలో గట్టిగా తిరిగాడనుకోవచ్చు. అదే 302 హత్య, 307 హత్యాయత్నం, 420 మోసం, ఇలాంటిది ఒక్కటి ఉన్నా ఆగి చూడాలి. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అనే కాలమ్ కూడా ఉంటుంది, అది చాలా ముఖ్యం, ఎఫ్ఐఆర్ ఎవరి మీదైనా పడొచ్చు, అభియోగాల దాకా వెళ్ళిందంటే జడ్జి కాగితాలు చూశాడని. ఎఫ్ఐఆర్ నంబర్, పోలీస్ స్టేషన్ పేరు అక్కడే ఉంటాయి కాబట్టి ఈకోర్ట్స్ యాప్‌లో కొట్టి ఇప్పుడు ఆ కేసు ఎక్కడుందో చూడొచ్చు, ఇది నేను చేసి చూశా, పది నిమిషాల పని.

ఇంకోటి, కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీ కూడా కారణం రాసి బయటపెట్టాలి, 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే కుదరదని కూడా చెప్పింది. ఆ కాగితం పేరు ఫారం సీ7. చదివి చూడండి, కాస్త నవ్వొస్తుంది కూడా.

ఇక కేసులు లేనాయన సంగతి. ఆయన ఆస్తులు కూడా చూడండి, గతంలో పోటీ చేసుంటే పాత అఫిడవిట్ పక్కన పెట్టుకుని. ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు, మూడు కోట్లు పదిహేనయింది అంటే తినేశాడు అనేస్తారు, అదే పొలం ధర పెరిగుండొచ్చు కదా. అందుకే రూపాయలు కాదు ఎకరాలు లెక్కపెట్టండి. సర్వే నంబర్లు అవేనా, కొత్తవి ఎన్ని కలిశాయి, ఎవరి పేరు మీద. భార్యవి, ఆధారపడ్డవాళ్ళవి కూడా విడిగా కాలమ్స్ ఉంటాయి, అయిదేళ్ళ ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క ఉంటుంది. ప్రభుత్వ కాంట్రాక్టులు ఏమైనా ఉన్నాయా అనే కాలమ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు, మీరు చూడండి.

ఇందులో రాసిందంతా నిజమని ఎవరూ చెక్ చేసి ఇవ్వరు, రిటర్నింగ్ అధికారి కూడా విచారణ చేయరు. తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల దాకా జైలు అని ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ చెప్తుంది. అబద్ధం అని ఎవరికైనా తెలిస్తే ఎదురు అఫిడవిట్ ఇవ్వొచ్చు. నామినేషన్ల విత్‌డ్రా గడువు అయ్యాక పోలింగ్‌కి కనీసం 14 రోజులు ఉండాలని చట్టం, కాబట్టి టైం లేదు అనకండి.

మా ఎంపీకి పార్లమెంట్‌లో 95 శాతం హాజరు ఉంది. అంటే బాగా పనిచేసినట్టేగా?
– రిటైర్డ్ టీచర్, వరంగల్

మాస్టారూ, హాజరు బాగున్న పిల్లాడికి మార్కులన్నీ వస్తాయా, మీకు తెలీనిదా! పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్‌లో హాజరుతో పాటు ఎన్ని ప్రశ్నలడిగారు, ఎన్ని చర్చల్లో మాట్లాడారు అన్నీ ఉంటాయి. ప్రశ్నల మీద నొక్కితే ఏం అడిగారో కూడా చదవొచ్చు, మన జిల్లా రైల్వే లైను గురించా, ఇంకెవరికో పనికొచ్చేదా అన్నది అక్కడ తెలుస్తుంది. మంత్రులు హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టరు, వాళ్ళకి అంకె కనపడకపోతే రాలేదని కాదు. ఎమ్మెల్యేల విషయంలో మాత్రం ఇంత వివరంగా దొరకడం కష్టం, అక్కడ పేపర్ కటింగులే గతి.

పోలింగ్‌కి రెండు రోజుల ముందు వచ్చే వీడియోలు, ఆడియోలు ఎలా నమ్మాలి? ఏఐతో చేసినవి అంటున్నారు. అసలు ఏఐనే అడిగేస్తే పోలేదా ఎవరు మంచోళ్ళని?
– మొబైల్ షాప్ ఓనర్, కర్నూలు

రెండు ప్రశ్నలు అడిగారు, రెండోది ముందు. చాట్‌బాట్‌ని సెక్షన్ 307 అంటే ఏంటి అని అడగండి, పర్లేదు. ఫలానా అభ్యర్థి మీద కేసులేంటి అని మాత్రం అడగొద్దు, ఒకే ఇంటిపేరున్న ఇద్దర్ని కలిపేసి భలే నమ్మకంగా చెప్తుంది. 2024 ఎలక్షన్లప్పుడు గూగుల్ తన చాట్‌బాట్ జెమినీ చేత ఎలక్షన్ ప్రశ్నలకి జవాబులే చెప్పించలేదు, చేసినవాళ్ళకే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి.

వీడియో విషయానికొస్తే, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదైతే చాలాసార్లు అసలు వీడియో బయటపడుతుంది. ఆడియోకి అది కుదరదు. ఇక్కడ ఒక చిట్కా, అఫిడవిట్‌లో అభ్యర్థి తన సోషల్ మీడియా అకౌంట్లు కూడా రాయాలి, ఆ వీడియో నిజంగా ఆయన పేజీలోంచే వచ్చిందా, పోలిన పేరుతో ఇంకెవరో పెట్టిందా అని దాంతో సరిచూసుకోవచ్చు. ఏమీ తేలకపోతే ఫార్వర్డ్ చెయ్యకుండా వదిలెయ్యండి.

మీ షాపు ముందే డబ్బు పంచుతుంటే అప్పుడు సీవిజిల్, అంటే ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసే యాప్. అక్కడికక్కడ ఆ యాప్‌లోనే ఫొటో తియ్యాలి, గ్యాలరీలోంచి పెడితే తీసుకోదు, వాట్సాప్‌లో వచ్చింది అసలు పనికిరాదు. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలని లెక్క.

ఉద్యోగం హైదరాబాద్‌లో, ఓటు ఊళ్ళో. ఇక్కడ కూడా ఒకటి రాయించుకోవచ్చా?
– ప్రైవేట్ ఉద్యోగి, కూకట్‌పల్లి

కుదరదు. ఒక మనిషికి ఒక్కచోటే, రెండోది ఉన్నా లేదని తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇక్కడికే మార్చుకోవాలంటే ఫారం 8, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ఫారం 6 జోలికి పోకండి, అది మొదటిసారి ఓటు కోసం. నామినేషన్ల చివరి రోజు దాటితే లిస్టులో మార్పులు చెయ్యరు, మధ్యలో పరిశీలనకి టైం పడుతుంది కాబట్టి అంతకి పది పదిహేను రోజుల ముందే పెట్టెయ్యండి. డౌట్ వస్తే 1950కి ఫోన్ చెయ్యండి. ఊళ్ళో సర్పంచ్ ఎలక్షన్ కోసమే ఓటు అక్కడ ఉంచుకున్నా అంటే అది మీ ఇష్టం, కాకపోతే ఆ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పెట్టేవి, ఆ అభ్యర్థుల వివరాలు పైన చెప్పిన కేవైసీ యాప్‌లో వెతికితే దొరకవు.