హగురో కొండ గుడికి నిజంగా 1400 ఏళ్లున్నాయా?

జపాన్‌లో యమగాత ప్రాంతపు హగురో కొండ మీది గుడికి 1400 ఏళ్లంటారు, నిజమేనా అని అడిగారు. సెందాయ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో అక్కడికి వెళ్లాను, కొండ కింద తోగే అనే ఊళ్లో యాత్రికుల సత్రంలో దిగాను. నాకు అర్థమైనంతవరకు కొండ మీద భక్తి చాలా పాతదే. మీరు ఫొటోల్లో చూసే గుడి షింతో (జపాన్ వాళ్ల దేశీయ మతం) గుడిగా మారి మాత్రం 150 ఏళ్లకి కాస్త పైమాట.

స్థలపురాణం ఇదీ. 592లో సుషున్ చక్రవర్తిని చంపేశారు. ఆయన కొడుకు హచికో పారిపోయి ఉత్తరానికి వస్తే, మూడు కాళ్ల కాకి దారి చూపించి 593లో హగురో చేర్చింది. హత్య చరిత్రలో ఉన్నదే. కాకి సంగతి మీ ఇష్టం. పటాల్లో హచికో ముఖం భయంకరంగా ఉంటుంది, జనం కష్టాలన్నీ తన మీద వేసుకున్నందుకట.

నన్నడిగితే పురాణం కంటే గట్టి సాక్ష్యం గుడి ముందున్న చెరువు. అందులోంచి వందల కంచు అద్దాలు బయటపడ్డాయి, వాటిలో చాలావి హెయన్ కాలంవి (8-12 శతాబ్దాలు). భక్తులు దేవుడికి సమర్పించి నీళ్లలో వేసినవి.

పక్కనే 1275లో పోత పోసిన పెద్ద గంట ఉంది. అది బౌద్ధుల గంట. షింతో గుడి వాకిట్లో దానికేం పని? ఎందుకంటే అప్పట్లో ఆ గుడి జక్కోజీ అనే బౌద్ధాలయం. హగురోలో కన్నన్ (అవలోకితేశ్వరుడు), దగ్గర్లోని మరో రెండు పవిత్రమైన కొండలు గస్సాన్‌లో అమిదా (అమితాభుడు), యుదోనోలో దైనిచి (అంటే మన వైరోచనుడు) అని కొలిచేవాళ్లు. దేవుళ్లూ బుద్ధుళ్లూ వేరని ఎవరూ అనుకోలేదు. శంఖం ఊదుతూ కొండలు తిరిగే యమబుషీ సాధకులదే అక్కడ పెత్తనం.

1868లో మెయిజీ ప్రభుత్వం దేవుళ్లని, బుద్ధుళ్లని విడదీయమంది. 1872లో యమబుషీల షుగెందో మార్గాన్నే నిషేధించింది. విగ్రహాలు తీసేశారు, కట్టడాలు చాలా పోయాయి. మెట్ల దారిలో దేవదారు చెట్ల మధ్య ఉన్న అయిదంతస్తుల గోపురం మిగలడం అదృష్టం. ఇప్పుడది జాతీయ నిధి. పైనున్న ప్రధాన మందిరం 1818లో కట్టింది, గడ్డి కప్పే రెండు మీటర్లకి పైగా మందం. మూడు కొండల దేవుళ్లకీ అక్కడే పూజ, శీతాకాలంలో మిగతా రెండు కొండలూ మంచులో మునిగిపోతాయి కాబట్టి.

నిషేధం తర్వాత కూడా పాత పద్ధతి చావలేదు. తోగేలోని షోజెన్‌ఇన్ ఆలయం వేసవి చివర 'ఆకినోమినె' దీక్షని బౌద్ధ పద్ధతిలో జరుపుతుంది. తలుపులు మూసిన గదిలో మిరపకాయల పొగ పెడతారు. షింతో గుడి వాళ్లూ విడిగా ఇదే దీక్ష నడుపుతారు. ఒకే కొండకి రెండు దీక్షలన్నమాట!

మూడు కొండల్లో నాకు నచ్చింది యుదోనో. అక్కడ గుడి కట్టలేదు, వేడినీళ్లు ఊరే ఎర్రటి రాయే దేవుడు. మన స్వయంభువుల్లాగే. చెప్పులు విప్పి దాని మీద నడవాలి. ఫొటోలు వద్దంటారు, చూసింది బయట చెప్పకూడదనే ఆచారం కూడా ఉంది, కాబట్టి ఇంతకంటే రాయను.

వెళ్లాలనుకుంటే జూలై, ఆగస్టుల్లో వెళ్లండి, గస్సాన్ శిఖరం (1984 మీటర్లు) దారి అప్పుడు తెరిచి ఉంటుంది. హగురోకి 2446 మెట్లు, మోకాళ్ల నొప్పులుంటే పైదాకా బస్సు ఉంది. యుదోనోకి మాత్రం తువ్వాలు పట్టుకెళ్లండి.