పాఠకుల ప్రశ్నలు: చైనావాళ్ల టీ, మన ఆరోగ్యం

ప్రశ్న: టీ తాగే చైనావాళ్లకు ఆయుష్షు ఎక్కువని చదివాను. నేను రోజూ నాలుగు కప్పుల పాలటీ తాగుతాను. నాకూ ఆ మేలు దక్కుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ వార్తకు మూలం 2020లో వెలువడిన చైనా-పార్ అధ్యయనం. గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్ లేని 1,00,902 మందిని ఏడేళ్లకు పైగా గమనించారు. వారానికి కనీసం మూడుసార్లు టీ తాగేవాళ్లలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు 20 శాతం, అన్ని కారణాల మరణాల ముప్పు 15 శాతం తక్కువగా తేలింది. యాభయ్యో ఏట నుంచి లెక్కిస్తే ఆయుష్షులో తేడా 1.26 ఏళ్లు.

అయితే ఈ మేలు స్పష్టంగా కనిపించింది గ్రీన్ టీ తాగేవాళ్లలో, అందులోనూ మగవాళ్లలో. అక్కడ మగవాళ్లలో సుమారు 48 శాతానికి టీ అలవాటుంటే ఆడవాళ్లలో 20 శాతానికే ఉంది. టీ అలవాటున్నవాళ్లలో బ్లాక్ టీ (మనం పాలటీకి వాడే మామూలు టీపొడి) ఎక్కువగా తాగేవాళ్లు 8 శాతమే కాబట్టి దాని గురించి ఆ అధ్యయనం గట్టిగా ఏమీ తేల్చలేదు. పైగా టీ తాగేవాళ్ల తిండి, రాబడి, శ్రమ వేరుగా ఉండొచ్చు. లెక్కల్లో ఎంత సరిచేసినా, మేలంతా టీదేనని చెప్పడం కుదరదు.

మీ పాలటీకి దగ్గరగా వచ్చేది బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మందిపై జరిగి 2022లో వచ్చిన అధ్యయనం. అక్కడ రోజుకు రెండు కప్పులు, అంతకుమించి బ్లాక్ టీ తాగేవాళ్లలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువ. పాలు పోసుకున్నా తేడా రాలేదు. కాబట్టి పాల గురించి బెంగ వద్దు, చక్కెర సంగతి చూసుకోండి. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులకు ఎనిమిది చెంచాలు, అంటే 32 నుంచి 40 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. టీతోనే అది దాటిపోతోంది.

ప్రశ్న: మా నాన్నగారు పొగలు కక్కే టీనే తాగుతారు. గొంతు క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గొంతు కాదు, అన్నవాహిక. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు క్యాన్సర్ కారకాలు కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. చైనాలో 4,56,155 మందిని తొమ్మిదేళ్ల పాటు గమనించిన కదూరీ బయోబ్యాంక్ అధ్యయనం 2018లో దీన్ని మరింత విడమరిచింది. నోరు కాలేంత వేడి టీతో పాటు రోజుకు 15 గ్రాములు, అంతకుమించి ఆల్కహాల్ తీసుకునేవాళ్లకు ముప్పు ఐదు రెట్లు. అలాంటి టీకి సిగరెట్ తోడైతే రెండు రెట్లు. మితిమీరిన మద్యం, పొగ రెండూ లేనివాళ్లలో రోజూ టీ తాగడానికీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదు. 60 మిల్లీలీటర్ల విస్కీలోనే సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే రోజూ ఒక పెద్ద పెగ్గు తీసుకునేవారు కూడా ఆ లెక్కలోకి వస్తారు.

నాన్నగారికి పొగ, మందు అలవాట్లుంటే ముందు అవి మానాలి. వేడి తగ్గించడం సులువు: రెండు గ్లాసుల్లోకి నాలుగైదుసార్లు తిరగపోసి, ఐదు నిమిషాలు ఆగి ఇవ్వండి. ఊదుకుంటూ చప్పరించాల్సి వస్తుంటే ఇంకా వేడి ఎక్కువున్నట్టే. ఫ్లాస్కు టీ గంట తర్వాత కూడా 65 డిగ్రీలు దాటి ఉండొచ్చు, వంచగానే తాగనివ్వకండి.

ప్రశ్న: టీలో ఫ్లోరైడ్ ఉంటుందట. మా ప్రాంతంవాళ్లు మానేయాలా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ భయంలో అర్థముంది. తేయాకు మొక్క నేలలోంచి ఫ్లోరైడ్‌ను లాగి ఆకుల్లో దాచుకుంటుంది. ఆకు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. టిబెట్, ఇన్నర్ మంగోలియాల్లో ముదురు ఆకులు, కాడలు కలిపి ఇటుకలా గట్టిగా నొక్కిన టీని చాలాసేపు మరిగించి రోజంతా తాగుతారు. అక్కడ నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువున్న చోట కూడా ఎముకల ఫ్లోరోసిస్ వచ్చింది. అందుకే చైనా ఇటుక టీకి కిలోకు 300 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఆ పరిమితిలో ఉన్నదైనా, 10 గ్రాముల్లోని ఫ్లోరైడ్ మొత్తం నీళ్లలోకి దిగితే 3 మిల్లీగ్రాములవుతుంది.

మీరు టీ మానక్కర్లేదు, నీళ్లు మార్చండి. బోరు నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపున్న నీళ్లతోనే కాచండి. లేత ఆకు టీ వాడండి, కాడలు కలిసిన చౌక పొడి వద్దు.

ప్రశ్న: గ్రీన్ టీ చేదుగా వస్తోంది. ఎలా చేయాలి? ఎప్పుడు తాగాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పొడిని నీళ్లతో కలిపి మరిగిస్తున్నారేమో. మరిగే నీళ్లకు వగరు, కెఫీన్ రెండూ ఎక్కువగా దిగుతాయి. నీళ్లు కాగాక దించి, మూత తీసి ఐదు నిమిషాలు ఉంచండి. 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి. 150 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు వేసి, రెండు మూడు నిమిషాలకు వడకట్టండి. అదే ఆకుతో ఇంకో రెండుసార్లు కాచుకోవచ్చు.

భోజనంతో తాగొద్దు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట ఎడం ఉండాలి. రక్తహీనత ఉన్నవాళ్లూ, ఐరన్ మాత్రలు వేసుకునే గర్భిణులూ ఇది తప్పక పాటించాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఉన్నట్టుండి ఎక్కువ గ్రీన్ టీ మొదలుపెట్టకుండా ముందు డాక్టరును అడగండి. బరువు తగ్గడానికని అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలు మాత్రం వద్దు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన చేరితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.